చెయ్యి పెట్టకూడని డబ్బా

చెత్తకు కులం లేదని పడుచు వయసులో ఒక సభలో ఉపన్యసించాను. చప్పట్లు బాగానే పడ్డాయి. అప్పటికి నేను చెత్తను దగ్గరగా చూసి ఉండలేదు. ఆ తర్వాత బళ్లారిలో హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వచ్చింది, బతుకంతా చెత్త మధ్యనే గడిచింది, ఈ మధ్యే రిటైరయ్యాను. ఈ దేశంలో కులం ఎక్కడుందో తెలియాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. చెత్తడబ్బా మూత తీసి చూసే ఓపిక ఉంటే చాలు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమంటారు. వాళ్లకు ట్రైనింగులో ఒక బొమ్మ చూపించి పంపిస్తారు. తడి చెత్త ఎరువవుతుంది, పొడి చెత్త ఫ్యాక్టరీకి పోతుంది, ఎరువు పొలానికి, పంట ఊరికి, మళ్లీ చెత్త డబ్బాకి. బాణాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. చాలా అందమైన బొమ్మ. మనుషులు లేరు కాబట్టే అంత అందంగా ఉంది. నేను ఆ లేని మనుషుల గురించి రాస్తాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని రిజిస్టర్లు నింపాను అన్నవి రాయను. అవి మీకు పనికిరావు. నిజం చెప్పాలంటే నాకూ పనికిరాలేదు.

తడి, పొడి, పవిత్రం

ప్రభుత్వం దృష్టిలో ఇంటి చెత్త ముఖ్యంగా రెండు రకాలు, తడి, పొడి. మా ఊళ్లో మూడోది ఉంది, పవిత్రం. దీని గురించి ఏ సర్క్యులర్లోనూ రాయలేదు. రాయకపోయినా అందరికీ తెలుసు.

సత్యనారాయణపేటలో ఒక ఇల్లాలు ఉండేది. పసిపిల్ల డయపర్లను పాత పేపర్లో చుట్టి, శుభ్రంగా కూరగాయల తొక్కల్లో కలిపి ఇచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అదే ఇల్లాలు అద్దం పగిలిన దేవుడి పటాన్ని మాత్రం కళ్లకద్దుకుని తెచ్చి కరెంటు స్తంభం మొదట్లో నిలబెట్టింది.

"అమ్మా, దీన్ని పొడి బుట్టలో వెయ్యండి" అన్నాను.

"అయ్యయ్యో, దేవుడి పటం సార్ అది! కసాలో, చెత్తలో వేసేదెట్ల?"

"మరి స్తంభం కింద పెట్టారే?"

"ఆడైతే ఎవరన్నా తీసకపోతారు."

"ఎవరు తీసుకుపోతారు?"

"ఇంకెవరు, మీ వాళ్లే."

మా వాళ్లు దాన్ని ఎక్కడికి తీసుకుపోతారని ఆమె అడగలేదు. పటంలో ఉన్న ఆయన కూడా అడగలేదు. మన భక్తి మన వీధి మలుపు దాకే. అవతలిది మున్సిపల్ బాధ్యత.

కంటోన్మెంట్ వైపు పెద్ద ఇళ్లలో ఈ గొడవ లేదు. అక్కడ చెత్తను చక్కగా వేరుచేసి ఇస్తారు. ఆ పని చేసేది పనిమనిషి కాబట్టి వాళ్లకు దాని కష్టం తెలియదు. పర్యావరణం గురించి మాట్లాడటానికి సమయం కూడా మిగులుతుంది.

హులిగెమ్మ చెవి

ఊరి చివర మాకొక షెడ్డు ఉండేది. ఇళ్లనుంచి వచ్చిన చెత్తను తొమ్మిది మంది ఆడవాళ్లు అక్కడ చేత్తో వేరుచేసేవాళ్లు. తడిది పక్కనే ఉన్న కుప్పల్లోకి పోయి ఎరువయ్యేది, పొడిది కొనేవాళ్లకు పోయేది. వాళ్లందరికీ పెద్ద హులిగెమ్మ. యాభై దాటిన మనిషి. ఆఫీసు ఇచ్చిన చేతి తొడుగులు మగవాళ్ల కొలతవి కావడంతో వాటి మణికట్టుకు జీన్సు గుడ్డ పేలికలు కట్టుకునేది. మాది జీన్సు ప్యాంట్లు కుట్టే ఊరు కదా, పేలికలకు కరువు లేదు.

నేను చేరిన కొత్తలో ప్లాస్టిక్ రకాల మీద ఒక పట్టిక తయారుచేసి వాళ్లకు అరగంట పాఠం చెప్పాను. హులిగెమ్మ మర్యాదగా వింది. అయిపోయాక రెండు కవర్లు తెచ్చి, ఒక్కొక్కదాన్నే నా చెవి దగ్గర పెట్టి నలిపింది.

"విన్యావా సార్? ఇది కరకర అంటాది, దీన్ని ఎవురూ కొనరు. ఇది మెత్తగ గుసగుసమంటాది, ఇది పోతాది. మీ కాగితంలో ఈ సప్పుడు రాసినారా?"

రాయలేదు. జీన్సు ముక్కను రెండు చేతులతో లాగి, ఇది అచ్చం నూలు, పరుపుల్లోకి పోతుంది, ఇది సాగుతుంది, పనికిరాదు అని విడదీసేది. గుండీలు, జిప్పులు వేరే డబ్బాలోకి. తడి కుప్పమీద చెయ్యిపెట్టి ఎంత వేడెక్కిందో చెప్పేది. మా థర్మామీటరు విరిగిపోయి చాలా కాలమైనా ఎవరికీ లోటు తెలియకపోవడానికి కారణం ఆమే. చెత్తను చేత్తో తెలుసుకోవాలి, చెవితో తెలుసుకోవాలి. ఈ రెండూ లేనివాళ్లను ఇన్‌స్పెక్టర్లు అంటారు.

మా పై అధికారికి ఆ షెడ్డంటే చిరాకు. ఫొటోల్లో బాగా పడదు. ఏదో కంపెనీవాళ్లు రంగుల పుస్తకం ఒకటి తెచ్చి ఆయన బల్లమీద పెట్టిపోయారు. అందులో బెల్టుమీద చెత్త తనంతట తానే విడిపోతుంటుంది, పక్కన తెల్లచొక్కా వేసుకున్న మనిషి నవ్వుతుంటాడు. ఒక మీటింగులో ఆయన అందరిముందూ అన్నాడు. "ఎరువు మింద ఒక్క కంప్లైంట్ రానీ. షెడ్డుకు తాళమేసి మిషను తెప్పిస్తా."

తొమ్మిది మంది కూడు ఆ ఒక్క కంప్లైంటుకు వేలాడుతోందని నాకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా చేసిన పని కింద రాస్తున్నాను.

నేను గెలిచిన చర్చ

ఊళ్లో ఒక పెద్ద గుడి ఉంది. పేరు చెప్పను. రోజూ గంపలకొద్దీ పూలు వాడి కాలవలో పడేవి. పూలు కలిస్తే ఎరువు చక్కగా మాగుతుంది, పొడిపొడిగా వస్తుంది. ఆ పూలు మాకిమ్మని గుడి కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. బట్టల వ్యాపారి, మంచి మాటకారి.

"ఇస్తామప్పా, దాందేముండాది. కాలవలో పొయ్యేదానికంటే పైరుకు పోతే పుణ్యమే" అన్నాడు. "అయితే స్వామి పాదాలమింద పడిన పూలు అవి. ఎవురు పడితే వాళ్లు చెయ్యి పెట్టి కెలకగూడదు."

"ఎవరు పడితే వాళ్లంటే ఎవరు?"

"చదువుకున్నోనివి, నీకు నేను చెప్పల్లనా?"

"మా వాళ్లు చేతులతోనే వేరుచేస్తారు. ఇంకో అవయవంతో చెయ్యడం వాళ్లకు రాదు."

ఆయన నవ్వాడు. "పూలలో వేరుచేసేదేందప్పా? ఉండేవి పూలే కదా. డబ్బా తెచ్చేది, నేరుగా కుప్పలో బోర్లించేది. సుమ్నె ఊరికే పని పెంచుకుంటావు యాల?"

ఇక్కడ నేను వాదించాలి. వాదన నాకు కొత్త కాదు. శాస్త్రాలు వల్లించేవాళ్లతో, జాతకాలు చెప్పేవాళ్లతో వేదికలమీద తలపడ్డవాణ్ణి. దేవుడి పాదాలమీద పడ్డ పువ్వు మనిషి చెయ్యి తగిలితే ఎట్లా చెడుతుందని అడగొచ్చు. ఆ పువ్వును తోటలో కోసింది ఎవరి చెయ్యి అని అడగొచ్చు. ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చాయి. పూలు కళ్లముందు కనిపించాయి. ముందు పూలు రానీ, సిద్ధాంతం తర్వాత చూసుకుందాం అనుకున్నాను. ఇట్లాంటి ఆలోచనకు వ్యవహారజ్ఞానం అని పేరు. జీవితంలో నేను చేసిన ప్రతి వెధవపనికీ ముందు ఈ జ్ఞానం నాకు కలిగింది.

ఒప్పందం కాగితం మీద పెట్టుకున్నాం. మూడో షరతు ఇది. "ఈ డబ్బాలోని ద్రవ్యములను వేరుచేయు సిబ్బంది చేతులతో ముట్టరాదు." కింద నా సంతకం. అస్పృశ్యత మీద గంటసేపు ఆపకుండా మాట్లాడగల మనిషి దాన్ని ఒకే వాక్యంలో అమలుచేశాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ, చర్చలో గెలిచానని కూడా అనుకున్నాను.

డబ్బాకు హారతి

గుడి ముందు పెద్ద పసుపురంగు డబ్బా పెట్టించాం. ప్రారంభోత్సవానికి పై అధికారి వచ్చాడు. డబ్బాకు బొట్టుపెట్టారు, దండ వేశారు, టెంకాయ కొట్టారు, చివరకు హారతి కూడా ఇచ్చారు. చెత్త ఏరి అన్నం తింటున్న తొమ్మిది మందికి ఎన్నడూ ఒక దండ పడలేదు, డబ్బాకు మొదటిరోజే పడింది. నేనూ చేతులు కట్టుకుని ఫొటోలో నిలబడ్డాను.

ఫొటో పేపర్లో వచ్చింది. దాంతో చుట్టుపక్కల పేటలన్నిటికీ కబురు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ స్తంభాల కింద, గోడల పక్కన నిలబడ్డ దేవుళ్లకు ఒక గమ్యం దొరికింది. పగిలిన పటాలు, పాత ప్రమిదలు, విరిగిన గాజులు, దిష్టి తీసిన నిమ్మకాయలు, వినాయకుడు ఉన్నాడు కాబట్టి పారెయ్యలేని పెళ్లికార్డులు, అన్నీ వచ్చి పసుపు డబ్బాలో పడ్డాయి. పడ్డవన్నీ షరతు ప్రకారం ఎవరూ ముట్టుకోకుండా నేరుగా కుప్పలోకి బోర్లాపడ్డాయి.

ఒకరోజు షెడ్డుకు వెళ్తే హులిగెమ్మ ఎదురొచ్చింది.

"సార్, ఆ గుడి డబ్బా బోర్లిస్తాంటే గల్లుమంటాది. పూలు యాడన్నా గల్లుమంటాయా?"

"గాజుల ముక్కలేమో."

"గాజులు సన్నగ మోగుతాయి సార్. ఇది దప్పంగ, లావుగ ఉండాది. పటం అద్దం. ఒక్కపారి చెయ్యిపెట్టి చూస్తా, ఉండు."

"వద్దు హులిగెమ్మా. షరతు ఉంది."

"ఎవురిది షరతు?"

"గుడివాళ్లది" అన్నాను. సంతకం ఎవరిదో చెప్పలేదు.

ఆమె నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "సరి" అని పనిలోకి పోయింది. ఆ మాటను కన్నడంలోనూ అట్లాగే అంటారు. ఏ భాషలో అన్నా నాకు బాగా అర్థమయ్యేట్టే అంది.

నాకు ఇంకో ధైర్యం ఉండేది. ఎరువు మాగాక తిరిగే జల్లెడలో పోస్తాం, పెద్దవన్నీ అక్కడ ఆగిపోతాయి కదా అని. కొత్తవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. రాయి ఆగుతుంది, ప్రమిద ఆగుతుంది. గాజు పెంకు ఆగదు. వేలంత పొడుగున్నా అది నిలువుగా తిరిగి, సన్నటి అంచువైపునుంచి కన్నంలోకి జారిపోతుంది. జల్లెడకు చెవులు లేవు.

కంప్లి మడిలో

ఆ ఎరువు మొదటి లారీ కంప్లి దగ్గర రామాంజనప్ప అనే రైతు పొలానికి పోయింది. వరిమడికి చల్లించుకున్నాడు. నాట్లు మొదలుపెట్టిన రెండోనాడు ఫోను చేశాడు. "సార్, మీ గొబ్బరం చల్లినాము. ఒక్కపారి వచ్చి చూసిపో" అన్నాడు. మెచ్చుకోవడానికి పిలుస్తున్నాడనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను.

మడిలో సగం నాటు పడి ఉంది. నాటే ఆడవాళ్లందరూ నీళ్లలోంచి బయటికొచ్చి గట్టుమీద కూర్చున్నారు. వాళ్ల మధ్య లచ్చమ్మ అనే మనిషి కుడికాలు చాపుకుని ఉంది. పాదానికి గుడ్డ, గుడ్డంతా నెత్తురు. ఆటోకోసం ఎదురుచూస్తున్నారు. రామాంజనప్ప తన తువ్వాలు నేలమీద పరిచి, మడిలో దొరికిన గాజు పెంకులన్నీ దానిమీద వరసగా పేర్చిపెట్టాడు. నా రిజిస్టర్లలో కూడా అంత పద్ధతి ఉండేది కాదు.

"ఏందప్పా సారూ ఇవి?"

"గాజు పెంకులు."

"అది నాకూ కనపడతాండాది. గొబ్బరం అడిగితే గాజు యాల పంపినావు అంటాండా."

ఒక పెంకుకు పటం రంగు ఇంకా అంటుకుని ఉంది. బంగారు గాజులు వేసుకున్న చెయ్యి, అందులోంచి రాలుతున్న నాణేలు. ఎవరింటి ధనలక్ష్మో. నేను దాన్ని చూడటం లచ్చమ్మ చూసింది.

"ఆ యమ్మే పొడిచిందప్పా నన్ను" అంది. "మా ఇంటికి రా తల్లీ అని దినామూ పిలుస్తాంటి. వచ్చింది చూడు, కాలికిందికి."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. లచ్చమ్మ కూడా నవ్వి, వెంటనే నొప్పికి పళ్లు బిగించింది.

కంప్లి ఆసుపత్రిలో కుట్లు వేశారు. మానేదాకా బురదలో దిగొద్దని డాక్టరు చెప్పాడు. "నాట్లన్నీ అయిపోయినంక మానితే ఏం చేసుకోవాల సార్ ఈ కాలును?" అని ఆమె డాక్టరును అడిగింది. ఆయన చీటీ రాసిచ్చాడు. నేను గోడమీద క్యాలెండరులో నాట్ల రోజులు లెక్కపెట్టాను.

రెండు లైన్ల రిపోర్టు

రామాంజనప్ప ఫిర్యాదు ఆఫీసుకు చేరింది. పై అధికారి ముఖం చూస్తే కొడుకు పెళ్లి కుదిరినట్టుంది. "వచ్చింది చూడప్పా కంప్లైంటు" అన్నాడు. "వేరుచేసే సిబ్బంది అజాగ్రత్త అని రాసియ్యి. జాస్తి బేడ, రెండు లైన్లు చాలు."

రాసిచ్చాను.

ఈ వాక్యాన్ని అలంకరించాలని చాలాసార్లు కూర్చున్నాను. ఒత్తిడి అని రాశాను, కొట్టేశాను. పరిస్థితులు అని రాశాను, అదీ కొట్టేశాను. ఒప్పందం కాగితం బయటపడితే నా సంతకం బయటపడుతుందన్న భయం తప్ప మరో కారణం లేదు. మూఢనమ్మకాలకు భయమే తల్లి అని నేను వ్యాసాలు రాసేవాణ్ణి. రిపోర్టులకు కూడా అదే తల్లి అని అప్పుడు తెలిసింది. మర్నాడు ఉదయం షెడ్డుకు తాళం పడింది. తొమ్మిది మందిని ఇంటికి పొమ్మన్నారు.

పదిరోజుల తర్వాత హులిగెమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఏడుస్తుందనీ, బతిమాలుతుందనీ అనుకుని, ఓదార్పు మాటలు నాలుగు సిద్ధం చేసుకున్నాను. ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"సార్, ఒక్క మాట అడిగిపోదామని వచ్చినా. ఆ గాజు ఏ డబ్బాలోది? మేము ముట్టుకున్న డబ్బాదా, ముట్టుకోని డబ్బాదా?"

నేను బల్లమీద కాగితాలు సర్దాను.

"కాగితాలు మల్ల సర్దుకుందువులే. చెప్పప్పా."

"ముట్టుకోనిది."

"మల్ల అజాగ్రత్త మాదెట్లాయె? చెయ్యిపెడితే మైల అన్నారు. చెయ్యి పెట్టలేదని ఇప్పుడు తప్పంటాండారు. ఏదో ఒకటి చెప్పండి సార్, దాని ప్రకారం ఉంటాము."

వేదికలమీద నన్ను ఎందరో ఎదుర్కొన్నారు. శ్లోకాలు వల్లించినవాళ్లు ఉన్నారు, కుర్చీలు విసిరినవాళ్లు ఉన్నారు. ఎవరికీ నేను జవాబు బాకీపడలేదు. ఆ రోజు పడ్డాను. ఒప్పందం కాగితం సొరుగులోంచి తీసి ఆమె ముందు పెట్టి, మూడో షరతు చదివి, కింద సంతకం నాదే అని చెప్పాను. చెయ్యి పెట్టి చూస్తానని ఆమె అడిగితే వద్దన్నది కూడా నేనే అని ఇద్దరికీ గుర్తుంది.

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. "మంచి అక్షరమప్పా నీది" అంది.

రెండో రిపోర్టు

ఆ మధ్యాహ్నం రెండో రిపోర్టు రాశాను. షరతు ఒప్పుకున్నది నేను, హెచ్చరిక వినిపించుకోనిది నేను, మొదటి రిపోర్టు అబద్ధం అని రాసి, ఒప్పందం నకలు జతచేశాను. పై అధికారి చదివి, తిప్పి మళ్లీ చదివాడు.

"నీ మింద నువ్వే కంప్లైంటు రాసుకుంటాండావా? ఒంట్లో బాగుండాదా?"

"ఇప్పుడే బాగుంది సార్."

ఆ కాగితం దాచడం కష్టమని ఆయనకు తెలుసు. మెలిక పెట్టాడు. "సరేప్పా. కంప్లైంటు ఇచ్చిన ఆ రైతే మళ్లీ మన లోడు దించుకుంటే షెడ్డు తీస్తా. దించుకోకపోతే మిషను వస్తాది. ఆయ్తా?" దించుకోడని ఆయన నమ్మకం. నిజానికి నా నమ్మకమూ అదే.

గుడి అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, షరతు రద్దు, ఇకమీద చెయ్యిపెట్టి వేరుచేస్తారు అని చెప్పాను. "అట్లయితే పూలు ఇయ్యం" అన్నాడు. మంచిదని బండి ఆపించాను. పూలను కాలవకు మోసే మనిషిని గుడివాళ్లు డబ్బా వచ్చినప్పుడే మాన్పించేశారు. భక్తి ఎంత గాఢమైనా పూలు నాలుగోరోజుకు కుళ్లుతాయి. అయిదోరోజు ఫోను చేశాడు.

"ఏమప్పా, బండి పంపించవా?"

"చేతులు పెడతారు మరి."

"పెట్టనీప్పా, ఎవురొద్దన్నారు! ముందు తీసకపోండి. ఈ వాసనకు పూజారి లోపల ఉండలేక రోడ్డుమీదికొచ్చి నిలబడుకున్నాడు."

సంస్కర్తలు తరతరాలుగా చేయలేకపోయిన పనిని ఈగలు అయిదురోజుల్లో చేశాయి. ఉపన్యాసాలు దండగ అని నేను అనను. అయితే బండి ఆపగల అధికారం చేతిలో ఉన్నప్పుడు ఉపన్యాసం ఇస్తూ కూర్చోవద్దు.

హులిగెమ్మ, మిగతావాళ్లు గుడి వెనక ఖాళీస్థలంలో పట్టా పరిచి పూలు వేరుచేశారు. షెడ్డు బయట మిగిలిన పాత ఎరువు కుప్పను కూడా పలచగా పరిచి, పిడికెడు పిడికెడు చూస్తూ గాజు ఏరారు. కూలీ ఇవ్వడానికి నా దగ్గర ఏ ఉత్తర్వూ లేదు. "షెడ్డు తెరిస్తే చాలు" అన్నారు. దీన్ని త్యాగమని ఎవరూ పొగడొద్దు. మెడమీద కత్తి పెడితే ఎవరైనా అట్లాగే పనిచేస్తారు. నన్ను చూసి హులిగెమ్మ "నిలబడి చూసేదానికి నువ్వెందుకు, కూర్చో" అంది. కూర్చున్నాను. రెండు చేతులూ పెట్టాను. మొదటి గంటలోనే బొటనవేలు తెగింది. ఒక జీన్సు పేలిక నా ఒళ్లో పడింది.

బూట్లు విప్పి

లారీ కంప్లి చేరేసరికి ఎండ ఎక్కింది. హులిగెమ్మ కూడా లారీలోనే వచ్చింది. రామాంజనప్పకు ఇంకా నాటు వెయ్యని మడి ఒకటి మిగిలి ఉంది. నేను తెచ్చిన కాగితం ఇచ్చాను. గాజు లేదని ధ్రువీకరణ, నా సంతకం, ఆఫీసు ముద్ర.

ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోయిన లోడుకు గూడ ఇట్లాంటిదే ఇచ్చినావు కదప్పా" అన్నాడు. తర్వాత తనే లారీ ఎక్కి, నాలుగు మూలల్లోంచి, నడిమధ్యలోంచి గంపలతో ఎరువు తీయించి, కళ్లం మీద చాపలాగా పరిపించాడు. "బూట్లు ఇప్పు."

"ఎందుకు?"

"మా ఆడోళ్లు దినమంతా తొక్కేదే కదా, నువ్వు ఒక్క గంట తొక్కు. నీకు గుచ్చుకోకపోతే దించుకుంటాం."

బూట్లు విప్పి, మేజోళ్లు తీసి, ప్యాంటు మడిచి దిగాను. ఎరువు వెచ్చగా ఉంది. నాటు ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. లచ్చమ్మకు ఒక మంచం తెచ్చి వేశారు. కాలికి ఇంకా కట్టు ఉంది.

"అట్ల పిల్లి నడిచినట్ల కాదప్పా" అంది మంచంమీదినుంచి. "నాటేటోళ్లం అట్లనే తొక్కుతామా? బరువంతా ఏసి తొక్కు."

బరువంతా వేసి తొక్కాను.

"ఆ మూల ఇడిచిపెట్టినావు."

"తొక్కినా కదమ్మా."

"నేను చూస్తాండా కదప్పా, యాడ తొక్కినావు? మల్లొకసారి పో."

మళ్లీ పోయాను. నాలుగో చుట్టులో ఎడమ మడమకింద ఏదో గట్టిగా గుచ్చింది. ఆగిపోయాను. హులిగెమ్మ లారీ చక్రం పక్కన నిలబడి ఉంది. ఆమె ముఖం అట్లా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తొమ్మిది ఇళ్ల పొయ్యిలు నా మడమకింద ఉన్నాయి. వంగి, వేళ్లు పెట్టి తీశాను.

టెంకాయ చిప్ప ముక్క.

రామాంజనప్ప దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కకు విసిరేశాడు. "టెంకాయ మంచిదేలే, కరిగిపోతాది" అన్నాడు. గంట నిండేదాకా మాత్రం నన్ను బయటికి రానివ్వలేదు. ఆ తర్వాత లచ్చమ్మ వైపు చూశాడు. తేల్చాల్సింది ఆమే అన్నట్టు అందరూ అటే చూశారు.

"దించుకోండప్పా" అంది లచ్చమ్మ. "ఈ సారు రాకుండ ఇంకో లోడు వస్తే మాత్రం దించొద్దు."

లారీ తలుపు తెరుచుకుంది. హులిగెమ్మ అందరికంటే ముందు పైకెక్కి పార అందుకుంది. నేను కాళ్లు కడుక్కోవడానికి కాలవ వైపు కదిలాను.

"కడుక్కోవద్దప్పా" అని లచ్చమ్మ వెనకనుంచి అరిచింది. "అట్లనే పో మీ ఆఫీసుకు. మీ పెద్దసారు గూడ చూడనీ."

బూట్లు చేత్తో పట్టుకుని అట్లాగే వెళ్లాను. దారిపొడుగునా జీపులో డ్రైవరు ముక్కుమీద చెయ్యి పెట్టుకున్నాడు. పై అధికారి గదిలో తెల్లటి పాలరాయి బండలు కొత్తగా వేయించారు. గుమ్మం దగ్గరినుంచి ఆయన బల్లదాకా నా అడుగులు నల్లగా పడ్డాయి. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? ఏందీ కాళ్లు?"

"లోడు దిగింది సార్. షెడ్డు తాళంచెవి ఇవ్వండి."

ఆయన నా కాళ్లను చూసి, బండలను చూసి, సొరుగు లాగి తాళంచెవి తీశాడు. చేతికివ్వకుండా బల్లమీదినుంచి నావైపు తోశాడు.